పదిహేడో నంబరు మందు

పొద్దున్నే ఎనిమిదింటికల్లా ప్రసూతి ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర నిలబడి బొడ్డుతాళ్ళు అడుక్కోవడం ఆమె ఉద్యోగం. కాగితం మీద మాత్రం "సీనియర్ పరిశోధకురాలు, రక్తనాళ కణ సంకేతాల విభాగం" అని ఉంటుంది. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేక, ఆసుపత్రి ఆయాల దగ్గర్నుంచి ప్రయోగశాల డైరెక్టరు దాకా అందరూ ఆమెను బొడ్డుతాళ్ళ మేడమ్ అనే పిలిచేవాళ్ళు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఫోనెత్తి తనే ఆ పేరు చెప్పుకుంటోంది.

"ఇవాళ మూడు కాన్పులు మేడమ్," అంది హెడ్ నర్సు, మూత బిగించిన రెండు సీసాలు చేతికిస్తూ. "ఇద్దరు తల్లులు సంతకం పెట్టారు. మూడో ఆవిడ మాత్రం, మా బిడ్డ తాడు పట్టుకెళ్ళి సూపు కాచుకుంటారా అని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"మా మేడమ్‌కి వంట రాదని చెప్పాను."

తాడంటే జానెడు పొడుగుంటే చాలు. దాని మధ్యలో ఒక పెద్ద సిర ఉంటుంది. ఆ సిరలోకి సన్నటి గొట్టం దూర్చి, లోపలి రక్తం కడిగేసి, అతుకు వదిలించే ద్రవం పోసి, పసిపిల్ల పొట్ట నిమిరినట్టు పైనుంచి మెల్లగా నిమిరితే లోపలి పొర ఊడి వస్తుంది. ఆ పొరలోని కణాలను గాజు పళ్ళెంలో వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, రెండు రోజులు ముట్టుకోకుండా ఉంటే, గులకరాళ్ళు పరిచినట్టు అడుగంతా పరుచుకుంటాయి. లేకపోతే చెత్తబుట్టలోకి పోవలసిన వస్తువు, మనిషి ఒంట్లో రక్తనాళం ఏం ఆలోచిస్తుందో చెప్పే సాక్షి అవుతుంది.

రక్తనాళం ఆలోచిస్తుందన్న మాట ఇంట్లో అంటే మాత్రం మామగారు ఒప్పుకునేవాడు కాదు. ఆయన నలభై ఏళ్ళు భవనాలకు నీళ్ళ పైపులు బిగించి విశ్రాంతి తీసుకున్న మేస్త్రి. పని మానేసిన ఏడాదికే బీపీ వచ్చింది. దాన్ని ఆయన జబ్బు అనుకోలేదు, తన వృత్తికి జరిగిన అవమానం అనుకున్నాడు.

"ఊళ్ళో సగం ఇళ్ళకి ప్రెషరు సరిచేసినవాణ్ణి. నా ప్రెషరు సరిచెయ్యడానికి నిన్నగాక మొన్న మీసం వచ్చిన డాక్టరా?" అనేవాడు, ఉప్పు వేరుశనగలు నములుతూ. "పైపు ఇరుకైంది. ఒక సైజు పెద్దది వేస్తే సరి."

"అది పైపు కాదు మామయ్యగారూ. పైపుకి ఒళ్ళు తెలీదు, దీనికి తెలుసు. రక్తం ఎంత జోరుగా పోతోందో లోపలి పొర కనిపెడుతూనే ఉంటుంది. జోరు పెరిగిందంటే ఒక వాయువు వదిలి, బయట చుట్టుకున్న కండరానికి, కాస్త వదులవ్వు తల్లీ అని కబురు పెడుతుంది."

"నా పైపులు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా కబురు పెట్టలేదే!"

"అందుకే పగిలుంటాయి."

"నేను బిగించిన పైపు పగల్లేదు!" అని ఆయన గట్టిగా అరిచి, అరిచినందుకు బీపీ చూసుకుని, ఆ అంకె కోడలి ముందు పెట్టేవాడు. "చూడు, నీవల్లే!"

ఆమె భర్త గూడ్సు బండి డ్రైవరు. ఇంట్లో కన్నా పట్టాల మీద ఎక్కువుండే మనిషి కాబట్టి, ఈ తగాదాలన్నీ మామాకోడళ్ళ మధ్యే మొదలై వాళ్ళ మధ్యే ముగిసేవి. నిజానికి ముగిసేవి కావు. మర్నాటికి వాయిదా పడేవి.

ప్రయోగశాల డైరెక్టరుకు కూడా ఒక పేరుంది. ఏ ప్రశ్న అడిగినా "త్వరలో" అంటాడు కాబట్టి ఆయన త్వరలోగారు. కొత్త మైక్రోస్కోపు త్వరలో, మీ పదోన్నతి త్వరలో, వ్యాసం అచ్చు త్వరలో. ఆ సంవత్సరం ఆయన త్వరలోలన్నీ ఒకే ఒక్క మందు మీద నిలబడి ఉన్నాయి. ఒక మందుల కంపెనీ పరీక్షించమని పంపిన నలభై రసాయనాల్లో అది పదిహేడోది. అందరూ దాన్ని పదిహేడు అనేవాళ్ళు.

పదిహేడు చేసే పని చూడముచ్చటగా ఉండేది. రక్తనాళపు కణం గోడలో చిన్న చిన్న తలుపులుంటాయి. వాటిలో ఒకటి తెరుచుకుంటే కాల్షియం లోపలికి దూకుతుంది. కాల్షియం వచ్చిందంటే కణానికి కబురు అందినట్టే. పళ్ళెంలోని కణాలను చిరాకు పెట్టే రసాయనం ఒక చుక్క వేస్తే ఆ తలుపులు బార్లా తెరుచుకుని, కణాలు జిగురు జిగురుగా తయారై, పైన వేసిన తెల్ల రక్తకణాలన్నిటినీ పట్టుకుని కూర్చోబెట్టుకునేవి. రక్తనాళంలో పూడిక మొదలయ్యేది ఇలాంటి చోటే. ముందుగా పదిహేడు వేసి ఉంచితే తలుపు మూసుకుని ఉండిపోయేది. కణాలు బుద్ధిమంతుల్లా కూర్చునేవి.

"గుండెజబ్బుల మందుల్లో ఇదొక మలుపు," అన్నాడు త్వరలోగారు. "మూడు వారాల్లో కంపెనీవాళ్ళు వస్తున్నారు."

ఆమెకు ఒక్క దగ్గర ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పళ్ళెంలో ద్రవం కదలదు. మనిషిలో రక్తం అలా గుంటలో నీళ్ళలా నిలబడిపోతే ఆ మనిషికి మందు అక్కర్లేదు, పూలదండ చాలు. పైగా, రక్తం తోసినప్పుడు తెరుచుకుని కండరాన్ని వదులు చేయించేది కూడా ఇదే తలుపని ఆమె అనుమానం.

"సార్, ప్రవాహంలో పెట్టి ఒకసారి చూద్దాం."

"తేనెతుట్టె కదపకండి మేడమ్."

"పంపు మన దగ్గరే ఉందిగా సార్."

"ఉంది. అది పనిచేస్తే మైక్రోస్కోపు గది కిటికీలోంచి నేను దూకుతాను."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. పంపు రెండేళ్ళుగా మూలన గుడ్డ కప్పుకుని పడి ఉంది. గాజు పలకల మధ్య వెంట్రుకంత సందు, ఆ సందు అడుగున కణాలు, ఒక పక్కనుంచి ద్రవం వచ్చి ఇంకో పక్కనుంచి పోవాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఎక్కడి నుంచో ఒక గాలి బుడగ వచ్చేది. ఆవగింజంత బుడగ ఆ సందులోంచి దూరి పోయిందంటే, రోడ్డు రోలరు వెళ్ళినట్టు కణాలన్నీ ఊడ్చుకుపోయేవి. ముగ్గురు పరిశోధకులు దానితో వేగలేక పరిశోధన అంశాలు మార్చుకున్నారు. వాళ్ళలో ఒకతను ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తున్నాడు, సంతోషంగా ఉన్నాడని వినికిడి.

ఆమె గుడ్డ తీసింది. మొదటి రోజు పదకొండు నిమిషాలకు బుడగ వచ్చింది. రెండో రోజు నాలుగు నిమిషాలకే వచ్చింది. మూడో రోజు గంటన్నర రాలేదు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, హమ్మయ్య అనుకునేంతలో ఒకటి కాదు, అయిదు వరసగా ఊరేగింపులా వచ్చాయి. మూడు తాళ్ళు వృథా. ముగ్గురు తల్లులు, నొప్పులు పడి, చెమట కూడా ఆరకముందే సంతకం పెట్టి ఇచ్చినవి. ఆమెకు ఏడుపు వచ్చింది గాని, ముందున్న ముగ్గురూ ఏడ్చిన కుర్చీ అదేనని గుర్తొచ్చి లేచి నిలబడింది.

ఆ సాయంత్రం మామగారు తలుపు తీస్తూనే అన్నాడు: "ఏమైందమ్మాయ్, ముఖం అలా వేలాడేశావ్?"

ఆమె చెప్పింది. చెప్పదలచుకోలేదు, కానీ చెప్పులు విప్పుతూ విప్పుతూ అంతా కక్కేసింది. ఆయన వేరుశనగలు పక్కన పెట్టి వినడం ఆ ఇంట్లో అపూర్వం.

"గాలి పట్టింది," అన్నాడు చివరికి.

"అది పెద్ద సైన్సు మామయ్యగారూ, మీ..."

"గాలికి సైన్సు చిన్నదో పెద్దదో తెలీదు. సీసా ఎక్కడుంది? కిందా పైనా? గొట్టం ఎక్కడైనా పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతోందా? నీళ్ళు చల్లవా, వేడివా?"

"సీసా ఫ్రిజ్‌లోంచి తీస్తాం. కణాలు వెచ్చటి పెట్టెలో ఉంటాయి."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "చల్లనీళ్ళు తీసుకెళ్ళి వెచ్చగా చేస్తే అందులో కరిగి ఉన్న గాలి బయటికి రాదూ? గిన్నెలో నీళ్ళు కాచేటప్పుడు అడుగున బుడగలు నువ్వెప్పుడూ చూళ్ళేదా? అవునులే, నీకు వంట రాదుగా."

ఈ సంగతి హెడ్ నర్సు దాకా ఎలా పాకిందో ఆమెకు అప్పుడే అర్థమైంది.

మర్నాడు ఆయన సంచీ భుజానికి తగిలించుకుని ప్రయోగశాల గేటు దగ్గర దిగాడు. సంచీలో రెంచీలు, ఇత్తడి జాయింట్లు, ఒక సుత్తి. సెక్యూరిటీ అతను సుత్తి చూసి, లోపలికి ఎందుకని అడిగాడు. "రక్తనాళాలు బాగుచెయ్యడానికి," అన్నాడు మామగారు. దాంతో సందర్శకుల పుస్తకంలో పేరు ఎక్కడానికి అరగంట పట్టింది. సుత్తి గేటు దగ్గరే ఉండిపోయింది.

తెల్లకోటు వేసి, చేతులు కడిగించి, తొడుగులు వేసి ఆమె ఆయన్ని పంపు ముందు నిలబెట్టింది. ఆయన ఏదీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గొట్టం వెంబడి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాడు. తర్వాత ముఖం చిట్లించి, "ఎవరమ్మా ఈ పని చేసింది?" అని అడిగాడు.

"పంపు అమ్మిన కంపెనీవాళ్ళే బిగించి వెళ్ళారు."

"వాళ్ళని నా దగ్గరికి పంపు. ఇదిగో ఇక్కడ గొట్టం ఒంటె వీపులా లేచింది చూశావా? గాలి అక్కడ చేరి, బాగా పోగయ్యాక ఒక్కసారే బయల్దేరుతుంది. ఇది కిందికి దించు. కణాల గదికి ముందు ఒక నిలువు గొట్టం పెట్టు. గాలి పైకి పోతుంది, ద్రవం కిందినుంచి పోతుంది. పెద్ద భవనాల్లో ప్రతి నిలువు పైపుకీ నెత్తిన ఒక గాలి గొట్టం ఉంటుంది, ఊరికే అందానికి పెడతామనుకున్నావా?"

నిలువు గొట్టానికి పనికొచ్చేది వెతికితే ఒక పాత సిరంజి దొరికింది. సీసాను ఆ రాత్రంతా వెచ్చటి పెట్టెలో మూత వదులుగా పెట్టి ఉంచారు. జాయింట్లు ఆయనే బిగించాడు, చిటికెన వేలంత జాయింట్లను, అరవై ఏడేళ్ళ బండ వేళ్ళతో, నాలుక కొస బయటపెట్టుకుని.

పంపు మూడు రోజులు ఆగకుండా తిరిగింది. ఒక్క బుడగ వచ్చింది. నిలువు గొట్టంలోకి ఎక్కి, అక్కడే కూర్చుంది.

నాలుగో రోజు ఆయన మళ్ళీ వచ్చాడు, తన పని చూసుకోవాలట. ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గులకరాళ్ళలా గుండ్రంగా ఉన్న కణాలు ఇప్పుడు కొలిచి పేర్చినట్టు, ప్రవాహం పోయే వైపే పొడుగ్గా సాగి ఉన్నాయి.

"ఎవరు సర్దారు వీటిని?"

"ఎవరూ సర్దలేదు. వాటికవే సర్దుకున్నాయి. ద్రవం ఎటు పోతోందో వాటికి తెలిసింది."

ఆమె పంపు ఆపి, కాల్షియం వస్తే పచ్చగా వెలిగే రంగు కలిపి, మళ్ళీ మొదలుపెట్టింది. ద్రవం తాకిన క్షణం ఒక మూల ఒక కణం వెలిగింది. దాని పక్కది వెలిగింది. తర్వాత ఆ మెరుపు గాజు పలక అంతటా ఈ చివర్నుంచి ఆ చివరికి పాకింది.

మామగారు చాలాసేపు కళ్ళు తియ్యలేదు.

"ఇది నా ఒంట్లో కూడా జరుగుతోందా?"

"ప్రతి గుండె దెబ్బకీ."

"అయితే మరి నా బీపీ ఎందుకు పెరిగింది?"

"కబురు పంపేవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. వినేవాళ్ళకి ఉప్పెక్కువైంది."

ఆయన జేబులో వేరుశనగల పొట్లం ఉంటే దాన్ని ఇంకా లోపలికి తోసుకున్నాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత జరిగింది. ప్రవాహంలో ఉన్న కణాలకు పదిహేడు వేసి, పంపు జోరు పెంచింది. చీకటి. ఒక్క కణం వెలగలేదు. వాయువును కొలిస్తే అదీ మూడో వంతుకు పడిపోయింది. అంటే రక్తం ఎంత తోసినా నాళం వదులవ్వదు, బిగుసుకునే ఉంటుంది. పూడిక ఆపుతుందనుకున్న మందు బీపీ పెంచి కూర్చోబెడుతుంది. ఆరుగురు తల్లుల తాళ్ళతో ఆరుసార్లు చేసింది. అయిదింటిలో ఇదే తంతు. ఆరోది మాత్రం పదిహేడును లెక్కచెయ్యకుండా మామూలుగా వెలిగింది. ఎందుకో ఆమెకు తెలియలేదు. తెలియదనే పుస్తకంలో రాసుకుంది.

త్వరలోగారు ఆ బొమ్మలు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"పంపు తప్పయ్యుండొచ్చు."

"మందు లేకుండా అదే పంపుతో బాగానే వెలుగుతున్నాయి సార్."

"ఎవరో పైపుల మేస్త్రి వచ్చి బిగించాడటగా?"

"మా మామగారు. బుడగ రాకుండా చేసింది ఆయనొక్కడే."

"సరే, సరే. కంపెనీవాళ్ళు వచ్చి వెళ్ళనివ్వండి. ఆ తర్వాత ఇది కూడా త్వరలో చూద్దాం."

ఆమె తల ఊపింది. ఊపినందుకు ఆ రోజంతా తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ ఊపింది మాత్రం నిజం.

కంపెనీ తరఫున ముగ్గురు వచ్చారు. ఇద్దరు కోటువాళ్ళు, ఏ బొమ్మ చూసినా అద్భుతం అనేవాళ్ళు. మూడో ఆవిడ మందుల శాస్త్రవేత్త, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, వచ్చినప్పటినుంచి ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మీద చతురస్రాలు గీసుకుంటూ కూర్చుంది. త్వరలోగారు తెర మీద పదిహేడు గుణగణాలు ఒక్కొక్కటే చూపించాడు. విషం కాదు, టిక్కు. జిగురు తగ్గిస్తుంది, టిక్కు. ఆ కింది వరసలో "ప్రవాహంలోనూ పనిచేస్తుంది" అని ఉంది. దాని పక్కన కూడా ఒక పచ్చటి టిక్కు నిగనిగలాడుతోంది.

చెప్పకుండా ఊరుకోవడానికే ఆమె ఆ రోజు తల ఊపింది. అబద్ధానికి ఊపలేదు. తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"సార్, ఆ టిక్కు తప్పు."

త్వరలోగారు నవ్వే ప్రయత్నం చేశాడు. "మా మేడమ్ కాస్త జాగ్రత్త మనిషి. ఆ వివరాలు త్వరలో..."

"త్వరలో కాదు సార్, అయిపోయింది. ఆరుసార్లు చేశాను. ప్రవాహంలో పెడితే అయిదుసార్లు నాళానికి అందాల్సిన కబురు ఆగిపోయింది. దీన్ని మనుషులకిస్తే బీపీ పెరుగుతుందని నా భయం."

ఉద్యోగం పోయినట్టేనని, ఈ వార్త మామగారు విని తనకన్నా ముందు బీపీ చూసుకుంటాడని, ఇలాంటివన్నీ ఒకేసారి ఆమె బుర్రలోకి వచ్చాయి.

పొట్టి జుట్టావిడ గీతలు ఆపింది. "చూపిస్తారా?" అంది.

ముగ్గురూ, వెనక త్వరలోగారూ, ఇరుకు గదిలోకి వచ్చారు. ఆమె పంపు మొదలుపెట్టింది. పచ్చటి మెరుపు పాకింది. పదిహేడు వేసి, కాసేపు ఆగి, మళ్ళీ జోరు పెంచింది. తెర నల్లగా ఉండిపోయింది. కోటువాళ్ళలో ఒకాయన తెర ఆగిపోయిందనుకుని తీగ కదిపి చూశాడు.

పొట్టి జుట్టావిడ గట్టిగా ఊపిరి వదిలింది. "మా ఎలకలకి బీపీ పెరిగింది," అంది.

"ఏమిటీ?" అన్నాడు త్వరలోగారు.

"పదిహేడు ఇచ్చిన ఎలకలన్నిటికీ. మూడు నెలలుగా కారణం తెలీక చస్తున్నాం. బోనులున్న గది పక్కన కట్టడం పని జరుగుతోంది కదా, ఆ చప్పుడికి ఎలకలకి కోపం వచ్చిందని నివేదిక రాశారు మావాళ్ళు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరెందుకు ఆ టిక్కు పెట్టారు?"

ఆ తర్వాత కాసేపు అందరూ పంపు వైపే చూశారు. ఆ గదిలో మర్యాదగా చూడదగ్గది అదొక్కటే.

పదిహేడు అక్కడితో ఆగిపోయింది. కోటువాళ్ళు అద్భుతం అనడం కూడా ఆగిపోయింది. కానీ ఆవిడ మాత్రం మూడు రోజులు అక్కడే ఉండి, మిగిలిన ముప్పై తొమ్మిది రసాయనాలనూ ప్రవాహంలో పెట్టి మళ్ళీ మొదట్నుంచి చూద్దామంది. ఆ పనికి అయిదు నెలలు, ఎనభై ఏడు తాళ్ళు పట్టాయి. ఇరవై మూడో నంబరు అంతకుముందు ఎవరి కంటికీ ఆనలేదు, పళ్ళెంలో అది చేసింది అంతంతమాత్రం కాబట్టి. అది తలుపు జోలికే పోదు. తలుపు దాటి లోపలికొచ్చిన కబుర్లలో చిరాకు కబురును మాత్రం దారిలో అడ్డుకుని, వదులవ్వమనే కబురును పోనిస్తుంది. పంపు జోరు పెంచితే కణాలు ఎప్పటిలాగే వెలిగాయి, జిగురు మాత్రం తగ్గింది. ఎలకల బీపీ పెరగలేదు. కట్టడం పని ఇంకా జరుగుతూనే ఉంది.

అది మందు అవుతుందా? ఎవరికీ తెలియదు. ఎలకల్లో మంచివనిపించుకుని మనుషుల దాకా వచ్చి బోర్లాపడినవి లెక్కలేనన్ని. ఆమె ఆ మాట అడిగినవాళ్ళందరికీ చెప్పేది. త్వరలోగారు మాత్రం, ఉద్యోగం తీసెయ్యడం మాట అటుంచి, ఆ ఏడాది ప్రతి సమావేశంలోనూ "నేను మొదట్నుంచీ చెబుతున్నది ఒకటే: ప్రవాహం, ప్రవాహం, ప్రవాహం" అని ఉపన్యాసాలు దంచాడు. ముందు వరసలో కూర్చుని ఆమె చప్పట్లు కొట్టింది. బదులుగా ఆరు కొత్త పంపులకు సంతకం పెట్టించుకుంది. ఆరో తాడు ఎందుకు మొండికేసిందో తేల్చడానికి ఒకటి విడిగా ఉంచమంది.

వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో "గొట్టాల అమరికలో గాలి తొలగించిన మేస్త్రిగారికి" అని ఒక వాక్యం ఉంది. మామగారు దాన్ని భూతద్దం పెట్టి చదువుకున్నాడు.

"ఇంత చిన్న అక్షరాలా?"

"అందరికీ అంతే మామయ్యగారూ."

"నీ పేరు పైన లావుగానే ఉందే!"

ఆరు పంపులు వచ్చాక వాటిని బిగించి, కొత్తగా చేరినవాళ్ళకు నేర్పడానికి ఆయన్ని సాంకేతిక సలహాదారుగా పెట్టుకోవాలని ఆమె ఉత్తరం రాసింది. త్వరలోగారు, నమ్మండి నమ్మకపోండి, వారంలోనే సంతకం పెట్టాడు. మొదటి రోజు మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోడలితోపాటు బస్సెక్కి, తొమ్మిదింటికి హాజరు పుస్తకంలో సంతకం చేశాడు. పన్నెండింటికి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, సగం రోజు సెలవు కావాలి."

"మొదటి రోజే? ఎందుకు?"

"పార్కులో మా పాత మేస్త్రీలంతా ఎదురుచూస్తుంటారు. రక్తనాళం పైపు కాదని వాళ్ళకి చెప్పాలి. నలభై ఏళ్ళుగా పైపే అనుకుంటున్నారు, వెధవలు."